కండువాకు జానెడు లేసు

నాగులగుట్టపల్లి,
శింగనమల మండలం.
కార్తీకం, సోమవారం.

ఆడబిడ్డ ఇంద్రాణికి,

ఈడ అందరమూ బాగుండాము, మీ అన్న తప్ప. ఆయప్పకు మళ్ళా ఎలెక్షన్ జ్వరం వచ్చింది. పంచాయతీ ఎలెక్షన్లు వస్తాయని చెవిన పడిందో లేదో, పెట్టెలోంచి తెల్ల కండువా తీసి ఇస్త్రీ చేయించినాడు. ఇంగ నల్లప్ప సంగతి నీకు తెల్సు కదా. పొద్దు పొడిస్తే చాలు, మా పంచలో కూచోని "అన్నా, ఈసారి సర్పంచి నువ్వే, రాసిపెట్టుకో" అంటాడు. పోయిన మూడుసార్లూ ఆ మాటే అన్నాడు. మూడుసార్లూ నా కాఫీ తాగి అన్నాడు.

మొదటిసారి ఓడినప్పుడు కొట్టం కాడి చేను పోయింది. తర్వాత రెండుసార్లకూ కలిపి గుట్టకింద చెనిక్కాయల చేను పోయింది. ఇప్పుడు మిగిలింది చీనీకాయల తోట ఒకటే. వానల్లేని ఏండ్లలో బోరు ఎండిపోతే ట్యాంకరు తెప్పించి, చెట్టు చెట్టుకూ బిందెతో పోసి దాన్ని బతికించింది నేను. మీ అన్న అప్పుడు యాడుండాడు? ప్రచారంలో ఉండాడు. ఆ తోట పోతే నేనేమీ సచ్చిపోను గాని, ఆ దారిన మళ్ళా నడవలేను ఇంద్రాణీ. నడవలేనంటే నడవలేను.

ఇప్పుడు అసలు మాట. మొన్న పంచలో అందరూ ఉండంగా, మీ ఇంట్లో టీవీ మీద కప్పినావే తెల్ల లేసు గుడ్డ, దాని మాటొచ్చింది. అది నువ్వు చేత్తో అల్లిందని చెప్పి, నాకూ నేర్చుకోవాలని ఉండాదంటి. మీ అన్న పకపకా నవ్వినాడు. "నువ్వా? సూదిలో దారం ఎక్కించేకే వీధంతా తిరుగుతావు" అన్నాడు. నాకు అరికాలి నుంచి మండింది. "నేర్చుకుంటే ఏం చేస్తావ్?" అంటి. "నామినేషన్ల ఆఖరి పొద్దు లోపల నా కండువా రెండు కొసలకూ నీ చేత్తో లేసు వేసి చూపించు. నేను ఎలెక్షన్ మాటే ఎత్తను" అన్నాడు. నల్లప్ప, యేసన్న, ఆడున్న అందరూ విన్నారు. మొగోడు మాట ఇచ్చేసినాడు, ఇంగ యాడికి పోతాడు?

కాబట్టి నువ్వు నాకు నేర్పాల. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ ఆయప్ప జేబులో ఉంటాది. నాకిచ్చినా స్పీకర్ పెట్టే ఇస్తాడు, పక్క నుంచి నల్లప్ప "ఇంద్రాణక్కా, తిన్నావా?" అని దూరతాడు. అయినా ముడి చేతికి తగిలితే తెలుస్తాది గాని చెవికి చెప్తే ఏం తెలుస్తాది? నువ్వు ముక్కలు ముక్కలు అల్లి ఉత్తరంలో పెట్టి పంపు. నాకేం కష్టం కాదులే. పూలు కట్టేదాంట్లో ఈ ఊర్లో నన్ను మించినోళ్ళు లేరు. పొయ్యి మీద పాలు పొంగేలోపల కనకాంబరాలు మూర కట్టి పారేస్తా. ఇదేం బ్రహ్మవిద్య?

మీ వదిన,
యశోదమ్మ

*

గుంతకల్లు,
రైల్వే స్టేషన్ వెనక వీధి.
నవంబరు చివర.

వదినా,

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు మా ఆయన తింటా తింటా చెయ్యి కడుక్కోకుండా లేచి వచ్చినాడు. గార్డు పని నుంచి రిటైరై ఇన్నేండ్లయినా, ఇంట్లో చప్పుడైతే చాలు, ఏదో బండి పట్టాలు తప్పినట్టు పరిగెత్తుకొస్తాడు. విషయం చెప్తే "బావమరిది మీద పందెమా? మీ వదినకు పచ్చజెండా" అన్నాడు. ఈ ఉత్తరం ఆయనే స్టేషన్ పోస్టు డబ్బాలో వేస్తాడు.

కవర్లో పడవ మాదిరి చిన్న బిళ్ళ ఉండాది చూడు. దాని పేరు షటిల్. లోపల దారం చుట్టి పెట్టినా. పారేసుకునేవు, నల్లప్ప చూస్తే చెవిలో గుమిలి తీసుకుంటాడు. ఈ పనిని టాటింగ్ అంటారు. నాకు నేర్పింది క్వార్టర్సులో మా పక్కింట్లో ఉన్న ముసలాంటీ. ఆమె గౌన్లకు, పిల్లోళ్ళ టోపీలకు, ఆఖరికి రేడియోకు కూడా లేసు వేసేది.

ఇప్పుడు చెప్పేది సరిగ్గా విను. దారాన్ని ఎడమచేతి వేళ్ళకు చుట్టుకో. కుడిచేతిలో షటిల్ పట్టుకో. షటిల్‌ను ఆ దారం కింద నుంచి పోనిచ్చి పైనుంచి వెనక్కి తే, సగం ముడి. పైనుంచి పోనిచ్చి కింద నుంచి తే, మిగతా సగం. రెండూ కలిస్తే జంట ముడి. అట్ల కొన్ని వేసి షటిల్ దారం లాగితే ముడులన్నీ జారి దగ్గరికొచ్చి, గుండ్రంగా ఉంగరం మాదిరి మూసుకుంటాయి. ఉంగరం పక్కన ఉంగరం వేస్తా పోతే అదే లేసు. ముడి వేసేటప్పుడు ఎడమచేతి వేళ్ళు ఒక్క రవ్వ వదులు చెయ్యాల, మర్చిపోవద్దు. ఒక ముక్క అల్లి పెట్టినా, చూసి చెయ్యి.

నన్ను గురువు అనుకోవద్దు వదినా. అనుకుంటే మాత్రం నేనేమీ అనుకోను.

నీ
ఇంద్రాణి

*

నాగులగుట్టపల్లి.
డిసెంబరు.

గురువమ్మకు,

నీ విద్య నీ దగ్గరే పెట్టుకో. ముడులు వేసినా. చక్కగా, వరసగా, ముత్యాల మాదిరి వేసినా. లాగితే ఉంగరం మూసుకుంటాదంటివి కదా? లాగినా. మూసుకోలేదు. ఇంగా లాగినా. దారం తెగింది గాని ముడి కదల్లేదు. నా ముడి కదల్లేదంటే అది గట్టి ముడని అర్థం. కాబట్టి తప్పు నీ చెప్పేదాంట్లో ఉండాది.

ఒకటి కాదు రెండు కాదు, ఒళ్ళో కుప్పయినాయి తెగిన ముక్కలు. నల్లప్ప చూసి "అక్కా, ఇది కండువాకా, కోళ్ళ గంపకా?" అన్నాడు. ఆ పొద్దు కాఫీలో చక్కెర వెయ్యలేదు. గమ్మున తాగి పోయినాడు.

మీ అన్న అయితే సాయంత్రమయ్యేసరికి వచ్చి నా ముందర నిలబడతాడు. "ఎంతవరకు వచ్చింది?" అంటాడు. రాలేదంటే మొగం ఒక మాదిరి పెట్టుకోని పోతాడు. మళ్ళా తెల్లారి "వచ్చిందా?" అంటాడు. ఎంత ఎగతాళి చూడు! నిన్న ఏకంగా "ఇంద్రాణిని బాగా అడుగు, సిగ్గుపడొద్దు" అని నాకే బుద్ధి చెప్పినాడు. పందెం కాసినోడు ఇచ్చే సలహానా అది? నా పుండు మీద కారం చల్లేకి కాకపోతే!

పాడు ముడి ఎందుకు జారదో బిన్నా రాయి. నామినేషన్లు జనవరి ఆఖర్లో అంటాండారు.

యశోదమ్మ

*

గుంతకల్లు.
డిసెంబరు.

వదినా,

కోపమొస్తే నీ అక్షరాలు శానా ముద్దుగా ఉంటాయి.

ముడి జారాల. జారకుంటే ఏందో తప్పు చేస్తాండావు. దారం లావుగా ఉందేమో అని ఇంకో రకం పంపుతాండా. వేళ్ళకు కొంచెం పౌడరు పూసుకో. నడుం నిటారుగా పెట్టి, గాలి పీల్చుకోని, మెల్లగా చెయ్యి. ముసలాంటీ నాకు అట్లనే చెప్పేది, కాకపోతే ఇంగ్లీషులో చెప్పేది.

నేనూ ఖాళీగా లేను. ఫోన్లో ఒక తెల్లామె వీడియోలు చూసి కొత్త రకం నేర్చుకుంటాండా. ఒకే ఉంగరానికి రెండు షటిళ్ళు! ఈ పక్క సగం ఒక షటిల్, ఆ పక్క సగం ఇంకోటి. ఆమె మాట్లాడేది ఏ భాషో దేవునికెరుక. సౌండు తీసేసి చేతులు మాత్రం చూస్తా. నిన్న నా రెండు షటిళ్ళూ ఒకదానికొకటి చుట్టుకోని, మధ్యలో నా తాళిబొట్టు కూడా చుట్టుకోని, మా ఆయన వచ్చి కత్తెర తీసినాడు. దారం కత్తిరించమని అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఈయప్పకు జలుబు పట్టింది. వద్దంటే వినడు, రోజూ చీనీరసం పిండించుకోని తాగుతాండాడు. మన తోట చీనీల తీపే వేరు కదా.

మళ్ళా ప్రయత్నం చెయ్యి. వస్తాది.

ఇంద్రాణి

*

నాగులగుట్టపల్లి.
డిసెంబరు, శుక్రవారం.

ఇంద్రాణికి,

మన తోట చీనీలు మీ ఇంటికి ఎట్ల వచ్చినాయి?

నేను పంపలేదు. కాయలకు కాళ్ళు లేవు. నల్లప్పను కూచోబెట్టి అడిగినా. ఈసారి చక్కెర రెండు చెంచాలు వేసి అడిగినా. అప్పుడు కక్కినాడు. మొన్నొక ఆదివారం మీ అన్న పొద్దున్నే బస్సుకు చీనీల మూట వేసుకోని గుంతకల్లు వచ్చినాడంట. నాతో చెప్పింది ఏంది? మోటారు బాగు చేయించేకి అనంతపురం పోతాండానని! మోటారేమో ఇంట్లోనే ఉండాది, బస్సెక్కింది చీనీలు!

ఇప్పుడు అంతా అర్థమైంది. అన్నా చెల్లెలూ ఒకటైనారు. నాకు ముడి సరిగ్గా చూపించొద్దని ఆయన మూట తెచ్చినాడు, నువ్వు రసం పిండుకున్నావు. పౌడరు పూసుకోమంటావా? గాలి పీల్చుకోమంటావా? నేనేమన్నా పురుడు పోసుకుంటాండానా?

నీ పెండ్లిలో నీకు పూలదండలు కట్టింది ఎవరు? నీ రెండో కాన్పుకు వచ్చి నెలంతా రాగి సంగటి వండి పెట్టింది ఎవరు? ఆ తోటకు నేను నీళ్ళు మోసేటప్పుడు వచ్చి చూసి "వదినా, నీ నడుము విరిగిపోతాది" అని ఏడ్చింది నువ్వు కాదా? ఆ ఏడుపు కూడా ఉత్తదేనా?

ఇన్ని దినాలు నేను వేసిన పాడు ముడులన్నీ మూట కట్టి పంపుతాండా. నీ ముడులు నీకే. షటిల్ కూడా పంపుదామనుకున్నా గాని, పందెం ఇంగా ఓడిపోలేదు.

యశోదమ్మ

*

గుంతకల్లు.
డిసెంబరు.

పూజ్యులైన వదిన గారికి,

తమరి ఉత్తరమూ మూటా అందినాయి.

అన్న వచ్చిన మాట నిజం. చీనీలు తెచ్చిన మాట నిజం. ఆయన ఏం మాట్లాడినాడో చెప్పను. ఆయన తల మీద నా చెయ్యి పెట్టించుకోని ఒట్టేయించుకున్నాడు. తోడబుట్టినోడి తల మీద ఒట్టు నేను తప్పను. నేను మాత్రం నీకు తప్పు నేర్పలేదు. నమ్మితే నమ్ము, లేకుంటే మానెయ్. సంగటి మాట ఎత్తినావు కదా, దానికి నేను రెండు దినాలు ఏడ్చినా. మా ఆయన జలుబు నాకు అంటుకుందని ఇరుగు పొరుగుకు చెప్పినా.

ఇంగ నీ మూట. చెత్తబుట్టలో వేసేద్దామని తీసుకుపోయినా. పోతా పోతా మనసు ఒప్పక, అద్దాలు పెట్టుకోని ఒక ముక్కను కిటికీ వెలుతురుకు పట్టి చూసినా. ఇంకోటి చూసినా. అన్నీ చూసినా.

వదినా, ఇది టాటింగ్ కాదు. ఇది కనకాంబరాల దండ. పూలొక్కటే తక్కువ.

చెప్తా విను. పూలు కట్టేటప్పుడు నీ ఎడమచేతి వేళ్ళు ఏం చేస్తాయి? కాడల్ని గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. కుడిచెయ్యి దారం తిప్పి బిర్రుగా లాగుతాది. పువ్వు జారకూడదు కదా! టాటింగ్‌లో అదే తప్పు. కుడిచెయ్యి లాగే గడియలో ఎడమచెయ్యి వదలాల. వదిలితే ముడి షటిల్ దారం మీద నుంచి పల్టీ కొట్టి చేతి దారం మీదికి పోతాది. షటిల్ దారం నిటారుగా మధ్యలో మిగులుతాది, దాని మీద ముడులన్నీ జారతాయి. నువ్వు వదలవు. పుట్టినప్పటి నుంచి పూలు కట్టిన చెయ్యి, చచ్చినా వదలదు. ముడి ఆడనే బిగుసుకుంటాది. పువ్వయితే ఏడాదైనా రాలదు, ఉంగరమైతే ఎప్పటికీ మూసుకోదు.

పూలు కట్టేది కొన్నాళ్ళు మానెయ్. అంతకన్నా నాకు తెలిసిన మందు లేదు.

ఇట్లు,
తమరి చేత మాటలు పడిన
ఇంద్రాణి

*

నాగులగుట్టపల్లి.
సంక్రాంతి ముందర.

ఇంద్రాణీ,

మీ అన్న ఏం మాట్లాడినాడో తేలేదాకా నా కోపం పక్కన పెట్టను. కానీ ముడి మాట నిజమే. సంగటి మాట అనింది మాత్రం తప్పే. నువ్వు ఏడ్చినానని రాస్తే నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

పూలు మానేసినా. దేవుని పటాలకు విడిపూలు పెడతాండా. పక్కింటి వనజాక్షి కనకాంబరాలు తెచ్చి "ఒక మూర కట్టియ్ వదినా" అంటే తలుపేసుకున్నా. ఊరంతా నాకేందో అయిందని అనుకుంటాండారు. అయినా ఈ చేతులు ఊరుకుంటాయా? మొన్న పప్పులోకి కొత్తిమీర తుంచుదామని చూస్తే, మాటల్లో పడి దండ కట్టేసి ఉండా. కరివేపాకు కూడా. మీ అన్న కంచంలో కొత్తిమీర దండ చూసి "ఇది పప్పుకు వేసిందా, నాకు వేసిందా?" అన్నాడు.

అప్పుడు ఒకటి జరిగింది. తోటలో ఎండు కొమ్మలు తీస్తాంటే చీనీముల్లు కుడిచేతి చూపుడువేలిలోకి దిగింది. వేలు వాచిపోయింది. షటిల్ పట్టుకునేకి కాదు. కూచోని కూచోని విసుగొచ్చి, సరేలే అని దారం కుడిచేతికి చుట్టుకోని షటిల్ ఎడమచేతిలో పట్టుకున్నా. ఎడమచెయ్యి ఏనాడన్నా దారం తిప్పి లాగిందా? దానికేం తెలీదు. చంటిబిడ్డ మాదిరి నువ్వు చెప్పింది చెప్పినట్టు వింటాది. వాచిన వేలు నొప్పికి కుడిచెయ్యి దానంతట అదే వదులుతాండాది. ముడి వేసినా. పల్టీ కొట్టింది ఇంద్రాణీ! కండ్లారా చూసినా. దారం లాగినా. ముడులన్నీ బుద్ధిగా జరుగుకుంటా వచ్చి ఉంగరం మూసుకుంది! నేను పెట్టిన కేకకు నల్లప్ప గోడ దూకి వచ్చినాడు, పామొచ్చిందని.

వేలు మానింది. అయినా ఎడమచేత్తోనే చేస్తాండా. కుడిచేతికిస్తే మళ్ళా దండ కడతాది.

ఒక బాధ ఉండాది. ఎలెక్షన్ ఖర్చుకు తోట అమ్మిద్దామని నల్లప్ప బుక్కరాయసముద్రం నుంచి ఒక ఆసామిని పిల్చుకొచ్చినాడు. చెట్ల మధ్య ఆ మనిషి నడుస్తాంటే నేను షటిల్ పడేసి వెనకే పోయినా. మీ అన్న ఎంత తెలివితక్కువోడో చూడు. పచ్చగా కాపు మీద ఉన్న చెట్లన్నీ ముందర ఉంటే, ఆసామిని నేరుగా వెనక పక్కకు పిల్చకపోయి ఎండిపోయిన చెట్లు చూపించినాడు. బోరు పోసేది ఎంతని అడిగితే "ఎప్పుడు ఆగిపోతాదో చెప్పలేం" అన్నాడు. అమ్మేకి కూడా చేతకాదు ఈ మనిషికి. ఆసామి ఆలోచించి చెప్తానని పోయినాడు. మళ్ళా వస్తాడంట.

ఉంగరాలు పక్కపక్కన వస్తాండాయి గాని ఒకదానికొకటి అతుక్కోవడం లేదు. ఎట్ల కలపాల? నాది ఎడమచెయ్యి, గుర్తు పెట్టుకోని రాయి.

యశోదమ్మ

*

గుంతకల్లు.
జనవరి.

మా బంగారు వదినా,

నువ్వు కవర్లో పెట్టిన ఉంగరం ముక్కను వీధిలో అందరికీ చూపించినా. మా ఆయన దాన్ని చిటికెన వేలికి పెట్టుకోని విజిల్ వేసినాడు. నాకు మళ్ళా ఏడుపొచ్చింది, ఈసారి జలుబు అని చెప్పలేదు.

కలిపేది ఎట్లనో ఎడమచేతికి చెప్పాలంటే నాకు బుర్ర తిరిగింది. నేను చేసేదంతా నీకు తారుమారు కదా. ఆఖరికి బీరువా అద్దం ముందర నిలబడి అల్లినా. అద్దంలో కనిపించేది నువ్వే అనుకోని, అద్దంలో మనిషిని చూసి కాగితం మీద బొమ్మ గీసినా. గీసినంతసేపు ఆ అద్దంలో మనిషిని "కాదు వదినా, అట్ల కాదు" అని తిడతా ఉంటిని. పాలాయన కిటికీ లోంచి చూసి గమ్మున పాలు పెట్టి పోయినాడు.

బొమ్మ లోపల పెట్టినా. ముడుల మధ్య కొంచెం దారం వదిలితే చిన్న చెవి మాదిరి నిలబడతాది. పక్క ఉంగరం అల్లేటప్పుడు ఆ చెవిలోంచి దారం లాగి, షటిల్ దూర్చి, బిగించుకో. అంతే, రెండూ చేతులు పట్టుకున్నట్టు నిలబడతాయి.

బిన్నా చెయ్యి వదినా. పగలంతా చెయ్యి. సంగటి మీ అన్నను చేసుకోమను, నేను చెప్పినానని చెప్పు. ఈ పందెం నువ్వు గెలవాల. నీకన్నా నాకు ఎక్కువ ఆత్రం ఉండాది, ఎందుకని అడగొద్దు.

ఇంద్రాణి

*

నాగులగుట్టపల్లి.
జనవరి ఆఖరు.

ఇంద్రాణీ,

తోట నిలిచింది! ముందర అది విను, తర్వాత మిగతాది.

మొదటి కొస లేసు సంక్రాంతి దాటినాక పూర్తయింది. కండువాకు కుట్టేసినా. రెండో కొస మొదలుపెడితే నువ్వు పంపిన దారం అయిపోయింది. శింగనమలలో దొరకలేదు. యేసన్న అనంతపురం పోతాంటే చెప్పి పంపితే గోనెసంచులు కుట్టే పురికోస తెచ్చినాడు. మళ్ళా పంపితే ఈసారి సరైంది తెచ్చినాడు గాని, దినాలు పోయినాయి. నామినేషన్ల ఆఖరి పొద్దు వచ్చేసింది. రెండో కొసలో ఇంగా జానెడు బోసిగా ఉండాది.

పొద్దున్నే పంచలో జనం. బయట ఆటో, ఆటోకు మైకు. నల్లప్ప చేతిలో పూలదండ, అది కూడా ఎవరో వదులుగా కట్టినారు, పూలు రాలిపోతాండాయి. తోట కొనే ఆసామి కూడా వచ్చి అరుగు మీద కూచున్నాడు. నేను లోపల జానెడు అల్లుతా ఉండా. షటిల్ చేతిలోంచి జారిపోతాండాది. నాకు కండ్లలో నీళ్ళు తిరిగి ముడి కనపడలేదు.

మీ అన్న లోపలికొచ్చి "ఏదీ, కండువా ఇట్లియ్" అన్నాడు. ఇంగ అయిపోయిందనుకున్నా. చేతికిచ్చేసినా. ఆయన కండువా విప్పి, మొదటి కొస చూసినాడు. చేత్తో తడిమినాడు. రెండో కొస చూసినాడో లేదో, టక్కున మడిచి లోపలికి పెట్టేసి భుజం మీద వేసుకోని, పంచలోకి పోయి నిలబడినాడు. "చూడండప్పా, రెండు కొసలకూ లేసు వేసింది. నేను పందెం ఓడిపోయినా. మాట మాటే. నామినేషన్ లేదు, ఏమీ లేదు. ఇండ్లకు పోండి" అన్నాడు.

నల్లప్ప మొగం చూడాల్సింది. "అన్నా, లేసు కోసం ఊరిని వదిలేస్తావా?" అన్నాడు. అందరూ నవ్వినారు. "పెండ్లాం చేతిలో ఓడినాడు బయ్యన్న" అని ఆటో మైకులో ఎవడో అరిచినాడు కూడా. మీ అన్న తల దించుకోని, మీసం కొరుక్కుంటా కూచున్నాడు. ఆసామి లేచి పోయినాడు. నేను వంటింట్లో గోడకానుకోని ఏడ్చినా, ఇంద్రాణీ. తోట నాది. నా తోట నాదే.

నా అదృష్టం, ఆ జానెడు ఆయప్ప కంట పడలేదు. కండ్లు మసకలు వచ్చినట్టుండాయి, డాక్టరుకు చూపించాల.

యశోదమ్మ

*

గుంతకల్లు.
ఫిబ్రవరి.

వదినా,

మీ తోట నిలిచినందుకు ఈడ మేము పాయసం చేసుకున్నాము. మా ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు.

అన్న కండ్లకు ఏమీ కాలేదు. డాక్టరు కాడికి పిల్చకపోవద్దు, వృథా. డిసెంబర్లో వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీ కాడ కూచోని, ప్లాట్‌ఫారం మీద నిలబడిన బండి పేరు చదివినాడు.

ఇంతకంటే నన్నేమీ అడగొద్దు.

ఇంద్రాణి

*

నాగులగుట్టపల్లి.
ఫిబ్రవరి, మళ్ళా శుక్రవారం.

ఇంద్రాణీ,

అడుగుతా. అడక్కుండా ఎట్ల ఉండేది?

నిన్న మీ అన్న ఆ కండువా వేసుకోని పెండ్లికి బయల్దేరినాడు. ఊరంతా నవ్వుతాండారు, అయినా అదే వేసుకుంటాడు, ఇంకోటి ఇస్తే వద్దంటాడు. వాకిట్లో నిలబడి చూసుకోని, "ఈ మూల బోసిగా ఉండాది, ఎప్పుడు వేస్తావ్?" అన్నాడు.

నేను చేట కింద పెట్టి చూసినా. "అయితే ఆ పొద్దే చూసినావా?" అంటి. దగ్గు రానోడు దగ్గినాడు. "డ్రిప్పు పైపు కారుతాండాది, చూసొస్తా" అని పెండ్లి బట్టలతోనే తోటలోకి పోయినాడు. పోయినోడు మధ్యాన్నం దాకా రాలేదు. పెండ్లి భోజనం కూడా పోయింది.

చూసినోడు ఎందుకు మడిచినాడు? గెలిచిన పందెం ఎవరన్నా ఓడిపోతారా? ఆ ఎండు చెట్లు చూపించింది కూడా ఇప్పుడు నా బుర్రలో తిరుగుతాండాది. ఒట్టు గిట్టు నాకు తెలీదు. ఆ చీనీల మూట ఎందుకొచ్చిందో రాయి. లేకుంటే నేనే బస్సెక్కి వస్తా, వస్తా వస్తా పురికోసతో లేసు అల్లుకోని తెచ్చి నీ టీవీకి కప్పుతా.

యశోదమ్మ

*

గుంతకల్లు.
ఫిబ్రవరి.

వదినా,

ఒట్టు తప్పుతాండా. అన్న తలకు ఏమన్నా అయితే నువ్వే చూసుకో. కానీ పందెం అయిపోయింది కాబట్టి ఒట్టు కూడా అయిపోయిందని మా ఆయన తీర్పు చెప్పినాడు.

ఆ ఆదివారం అన్న వచ్చి మూట దించి, గడప మీదనే కూచున్నాడు. నేనూ నీ మాదిరే అనుకున్నా, నీకు తప్పు నేర్పమని అడిగేకి వచ్చినాడని. చీపురు తీసేకి సిద్ధంగా ఉండా. ఆయన చెప్పింది ఇది, మాట మాట రాస్తాండా:

"ఇంద్రా, మూడుసార్లు నిలబడి మూడుసార్లు ఓడినా. మళ్ళా నిలబడాలంటే నా కాళ్ళు వణుకుతాండాయి. నిలబడనంటే నల్లప్ప వాళ్ళు వదలరు, భయపడినాడంటారు. పెండ్లాంతో పందెం ఓడిపోతే నవ్వుతారు గాని, వెంటపడరు. ఆమె నీళ్ళు మోసిన తోట అది, నాకు అమ్మే ముఖం లేదు. ఆమెకు కోపమొస్తేనే పట్టు పడతాదని నవ్వినా. పట్టింది. కానీ ముడి రావడం లేదంట. నువ్వు ఎట్లన్నా చేసి తొందరగా నేర్పు."

ఆ మూట లంచమే వదినా. నీకు సరిగ్గా నేర్పేకి ఇచ్చిన లంచం.

నన్ను అన్ని మాటలన్నావు, నోట్లో ఒట్టు పెట్టుకోని కూచున్నా. ఇప్పుడైనా ఒక మంచి మాట రాయి.

ఇంద్రాణి

*

నాగులగుట్టపల్లి.
ఫిబ్రవరి ఆఖరు.

మా ఇంద్రాణికి,

మంచి మాట: నువ్వు మంచిదానివి. నేను నోటి దురుసు దాన్ని. రెండూ అందరికీ తెలిసినవే.

నీ ఉత్తరం చీనీచెట్ల కింద కూచోని చదివినా. ఇన్నేండ్లు ఆయనతో కాపురం చేసి, ఆయన కాళ్ళు వణుకుతాయని నాకు తెలీదు చూడు. నాతో చెప్పుంటే పోయేది కదా అనుకున్నా. మళ్ళా అనుకున్నా, చెప్పుంటే నేనే పది మందిలో అనేసి ఉంటా. నాకు తెలిసిందని ఆయప్పకు చెప్పొద్దు. ఓడినానని మీసం దించుకోని తిరుగుతాండాడు, తిరగనీ. ఆయప్ప అదైనా సరిగ్గా చేస్తాండాడు.

ఆ బోసి జానెడు సంగతి. "నువ్వు చూసినావు కాబట్టి నువ్వే వెయ్యి" అని షటిల్ చేతిలో పెట్టినా. వద్దు వద్దు అంటానే తలుపు గడియ పెట్టి, నల్లప్ప రాలేదు కదా అని కిటికీ చూసి, మంచం మీద కూచున్నాడు. నీ మొదటి ఉత్తరం చదివి వినిపించినా. కుడిచేత్తో షటిల్ పట్టుకున్నాడు. సగం ముడి, సగం ముడి. నేను నవ్వేకి సిద్ధంగా కొంగు నోట్లో పెట్టుకున్నా. దారం లాగినాడు.

ఉంగరం మూసుకుంది ఇంద్రాణీ. మొదటిసారికే! మెత్తగా, నున్నగా జారి మూసుకుంది! నేను నెలలు ఏడ్చినా, వేలికి ముల్లు గుచ్చుకున్నా, చెయ్యి మార్చుకున్నా. ఈ మనిషికి ఒక్క దెబ్బతో వచ్చింది. ఎట్ల రాదు? ఆ చేతులు జన్మలో ఒక్క పువ్వు కట్టి ఉంటే కదా!

"ఇంతేనా? దీనికేనా అంత రాద్ధాంతం చేసినావు?" అన్నాడు. చేట తీసుకోని కొట్టినా.

జానెడు ఆయనే పూర్తి చేసినాడు. నాది ఎడమచేతి లేసు, ఆయనది కుడిచేతి లేసు. పరీక్షగా చూస్తే తేడా తెలుస్తాది, ఎవరూ అంతగా చూడరులే. ఇప్పుడు తువ్వాలుకు కూడా వేస్తానంటాండాడు. రోజూ మధ్యాన్నం తలుపేసుకోని కూచుంటాండాము. నల్లప్ప బయట నుంచి "అన్నా, లోపల ఏం మీటింగప్పా?" అని అరుస్తాండాడు. అరవనీ.

దారం అయిపోయింది. బిన్నా పంపు. ఈసారి షటిళ్ళు రెండు పెట్టు.

యశోదమ్మ